చలి సాయంత్రాలకు ఒక అంబరు చుక్క



ఈ సాయంత్రం ఒక వాసన గురించి మాట్లాడుకుందాం. వాసన గురించి రేడియోలో చెప్పడమేమిటి అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, పరవాలేదు. ఎందుకంటే ఇది మీకు తెలియని వాసన కాదు. పేరు చెబితే కొత్తగా ఉంటుంది. అసలు సంగతి చెబితే, 'ఓస్, ఇదేనా' అంటారు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

దాని పేరు అంబరు. మాల్‌లో కొనే సీసా మీదైతే 'ఆంబర్' అని ఉంటుంది. హైదరాబాద్ పాతబస్తీలో అత్తరు దుకాణానికి వెళితే 'అంబర్' అంటారు. చలికాలం సాయంత్రాలకు పెట్టింది పేరు. తియ్యగా ఉంటుంది, కానీ మిఠాయి తీపి కాదు. కొంచెం పొగ, కొంచెం బంక, కొంచెం పాత చెక్కబీరువా తలుపు తెరిచినప్పటి వాసన. అన్నిటికీ మించి, వెచ్చగా ఉంటుంది. వాసన వెచ్చగా ఉండటమేమిటంటారా? అక్కడికే వస్తున్నాను.

హైదరాబాద్ శివారులో మేడ్చల్, శామీర్‌పేట వైపు ఉండేవాళ్లకు చలి గురించి నేను చెప్పక్కర్లేదు. డిసెంబరులో అమీర్‌పేట నుంచో కోఠీ నుంచో చుట్టాలు మీ ఇంటికి వస్తారు. పగలంతా బాగానే తిరుగుతారు. పొద్దు గూకిందో లేదో, 'అబ్బో, మీ దగ్గర ఇంత చలా!' అని చద్దరు అడుగుతారు. సిటీ లోపల తారు రోడ్లు, కాంక్రీటు మేడలు పగటి ఎండను పట్టి ఉంచి రాత్రంతా మెల్లగా వదులుతుంటాయి. ఇటువైపు ఇంకా చెరువులున్నాయి, బీళ్లున్నాయి, అక్కడక్కడా తోటలున్నాయి. ఆకాశం తేటగా ఉంటే నేల వేడి గబగబా పైకి పోతుంది. అందుకే నాగపూర్ హైవే మీద కొంపల్లి దాటగానే, కరీంనగర్ రోడ్డు మీద తూంకుంట దాటగానే, బండి నడిపేవాడు జెర్కిన్ జిప్పు గొంతుదాకా లాగుతాడు.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా ద్రాక్షతోటలు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలు పేరుమోసినవి. ఇప్పుడు ఆ తోటల్లో చాలా భాగం విల్లాలయ్యాయి, వెంచర్లయ్యాయి. తోటలు పోయినా చలి మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. ఈ చలే మన అంబరుకు కావలసింది.

ఎందుకో చెబుతాను. వాసన అంటే గాలిలోకి లేచిన ద్రవ్యమే. ద్రవ్యం ఆవిరైతేనే ముక్కుకు తెలుస్తుంది. నిమ్మ, నారింజ లాంటివి చాలా తేలిక. చొక్కాకు రాసుకుని గేటు దాటేలోపే సగం పోతాయి. బంకలు, చెక్కలు, వేళ్లు అలా కాదు. బరువుగా ఉంటాయి, గంటల తరబడి మెల్లగా లేస్తాయి. అంబరు సెంటంతా ఇలాంటి బరువైన సరుకే. మే నెలలో ఇది రాసుకుని కిక్కిరిసిన బస్సెక్కారనుకోండి, పక్కవాడు కిటికీ వెతుక్కుంటాడు. ఎండ వేడికి అంతా ఒక్కసారే లేచి మీద పడుతుంది. అదే అంబరు చలికాలం సాయంత్రం రాసుకుంటే? బయట గాలి దాన్ని అణిచి ఉంచుతుంది. శాలువా లోపల ఒంటి వేడి దాన్ని కొంచెం కొంచెంగా లేపుతుంది. చలి అణచడం, ఒళ్లు లేపడం. ఈ రెంటి మధ్యే దాని అందమంతా ఉంది.

మళ్లీ చెబుతున్నాను, గుర్తుంచుకోండి. ఎండకాలం సెంటు వేరు, చలికాలం సెంటు వేరు. ఎండకాలానికి వట్టివేరు, గులాబీ, తొలకరి మట్టివాసన అత్తరు. చలికాలానికి అంబరు, కస్తూరి, అగరు, శమామా అనే మూలికల అత్తరు. ఇది ఫ్యాషన్ పత్రికల వాళ్లు కనిపెట్టిన సంగతి కాదు. అత్తరు అమ్మేవాళ్లు తరతరాలుగా చెప్పే మాట.

ఇంతకీ ఈ అంబరులో ఏముంటుంది?

ఇక్కడే చాలామంది పొరపడతారు. దండలు చేసే పసుపురంగు రాయి ఒకటుంది, ఆంబర్ అని. కోట్ల ఏళ్ల కింద చెట్ల నుంచి కారిన బంక గడ్డకట్టి రాయి అయింది. దాన్ని వాసన చూస్తే ఏమీ ఉండదు. అది వేరు. ఇంకొకటి అంబర్‌గ్రిస్. స్పెర్మ్ తిమింగలం అనే పెద్ద తిమింగలం పేగుల్లో తయారయ్యే పదార్థం. సముద్రంలో ఏళ్ల తరబడి తేలి, ఎండకు ఎండి, ఉప్పునీటికి నాని, చివరికి ఏ ఒడ్డుకో కొట్టుకొస్తుంది. వెనకటికి రాజులు, నవాబులు దానికోసం బంగారం పోశారు. ఇప్పుడు మన దేశంలో దాన్ని కొన్నా, అమ్మినా నేరం. ఆ తిమింగలానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. దొంగతనంగా అమ్మబోయి పట్టుబడ్డవాళ్ల వార్తలు పేపర్లో అప్పుడప్పుడూ చూస్తూనే ఉంటాం. కాబట్టి ఎవరైనా మీ చెవిలో 'ఇది అసలైన తిమింగలం అంబరు సార్' అంటే, ఆ సీసా అక్కడే పెట్టి రండి.

మరి మనం కొనే అంబరు ఏమిటి? అదొక కూర్పు. ముఖ్యంగా మూడు సరుకులు. ఒకటి, మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే ఒక పొద ఆకుల మీద ఊరే జిగురు. దాని పేరు లాబ్డనమ్. వెనకటికి క్రీట్ దీవిలో ఆ పొదల్లో మేసే మేకల గడ్డాలకు అంటిన జిగురును దువ్వి తీసేవారట. రెండోది వెనిలా తీపి. ఐస్‌క్రీమ్‌లో తెలిసిన వాసనే. మూడోది, మూడోది చాలా ముఖ్యం, సాంబ్రాణి.

అవును, సాంబ్రాణే. మన పూజగదిలో సాంబ్రాణి. శుక్రవారం సాయంత్రం నిప్పుల మీద వేసే సాంబ్రాణి. పారిస్ సీసాలో ఉన్నా, పాతబస్తీ పత్తర్‌గట్టి సీసాలో ఉన్నా, అంబరుకు ఒళ్లు ఇచ్చేది అదే. అందుకే ముందే చెప్పాను, 'ఓస్, ఇదేనా' అంటారని.

సాంబ్రాణి మన దగ్గర పండదు. సుమత్రా దీవిలో, లావోస్, థాయ్‌లాండ్ కొండల్లో స్టైరాక్స్ అనే చెట్లున్నాయి. వాటి బెరడుకు గాటు పెడతారు. చెట్టు ఆ గాయాన్ని మాన్పుకోవడానికి పాలలాంటి బంక కారుస్తుంది. నెలల తర్వాత అది గట్టిపడితే గోకి తీస్తారు. కిరాణా కొట్టులో కొన్న మంచి సాంబ్రాణి గడ్డను ఒకసారి విరిచి చూడండి. గోధుమరంగు ముద్ద మధ్యలో తెల్లటి పలుకులు కనిపిస్తాయి, బాదంపప్పు ముక్కల్లా. ఆ పలుకులున్న గడ్డ మంచిది. గోటితో గీకి వాసన చూడండి. నిప్పు తగలకముందే సన్నటి తీపి తెలుస్తుంది. అందులో సహజంగానే వెనిలా వాసన ద్రవ్యం కొంత ఉంటుంది, వెనిలిన్ అంటారు. అంబరు తీపికి అదొక మూలం. ఇప్పుడు కప్పుల్లో, పుల్లల్లో వచ్చే 'కంప్యూటర్ సాంబ్రాణి' అని ఒకటుంది చూశారూ, దాంట్లో కంప్యూటర్ ఎంతుందో సాంబ్రాణీ అంతే ఉంటుందని నా అనుమానం. నిప్పుల మీద గడ్డ సాంబ్రాణి దారి వేరు.

ఇంత దూరం నుంచి వచ్చే సరుకు మన ఇళ్లలో ఎప్పటినుంచి ఉంది? సుగంధద్రవ్యాల వ్యాపారం తెలుగు నేలకు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే వర్తకుల సరుకు లాక్కోబోమని అభయమిచ్చాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో చెప్పాడు. ఆ సరుకుల్లో గంధం ఉంది, కర్పూరం ఉంది, పన్నీరు ఉంది. ఓరుగల్లు రాజుకు సముద్రపు ఒడ్డున పన్నీరు మీద సుంకం వచ్చేదంటే, ఆ పన్నీరు చల్లుకునేవాళ్లు లోపలి ఊళ్లలో ఉన్నట్టే కదా. ఆ తర్వాత కవి శ్రీనాథుడు తన హరవిలాస కావ్యాన్ని అవచి తిప్పయ సెట్టికి అంకితమిచ్చాడు. ఆ సెట్టి సముద్ర వ్యాపారి. ఆయన ఓడల్లో దూరదేశాల నుంచి తెప్పించే గంధం, అగరు, కర్పూరం, కస్తూరి గురించి కవి ఊరించి ఊరించి చెబుతాడు. రాజుల కంటే సుగంధాల వ్యాపారి మీద కవికి గురి కుదిరిన సందర్భం అది. నాకైతే అందులో తప్పేమీ కనిపించదు.

సరే, ఓడలు వదిలేసి ఇంట్లోకి వద్దాం.

మన పల్లెల్లో బాలింత ఇల్లు గుర్తుందా? నూనె రాసి, వేణ్నీళ్లు పోసి, నులకమంచం మీద పడుకోబెట్టేవారు. తలారడానికి కుంపట్లో నిప్పులు వేసి, మీద చిటికెడు సాంబ్రాణి చల్లి, గంప బోర్లించేవారు. ఆ గంప మీద తడి జుట్టు పరిచేవారు. పసిపిల్లల గుడ్డలూ అలాగే పొగకు ఆరబెట్టేవారు. ఆ ఇంటి గడప తొక్కగానే నూనె, పసుపు, సాంబ్రాణి కలిసిన వాసన వచ్చేది. మేడ్చల్ చుట్టుపక్కల పెద్దవాళ్లను అడిగి చూడండి, ఎవరైనా చెబుతారు. మనకు 'వెచ్చటి వాసన' అంటే ఏమిటో మొదట నేర్పింది ఆ కుంపటే. వెచ్చదనం, పొగ, తీపి మూడూ ఒక్కసారే ముక్కుకు అందాయి. ఇప్పుడు సీసాలోంచి ఆ తీపి ఒక్కటే వచ్చినా, మనసు వెచ్చదనాన్ని తనే కలుపుకుంటుంది. వాసన వెచ్చగా ఎలా ఉంటుందని ఇందాక అడిగారు కదా. ఇలా ఉంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పసిబిడ్డ ముక్కుకు ఆ పొగ మంచిది కాదని డాక్టర్లు చెబుతున్నారు. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గుల కుంపటి అసలే పెట్టకూడదు. దాన్నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, తెలియకుండానే ప్రాణం మీదికి వస్తుంది. చలి ఎంత ఉన్నా, కుంపటి పెట్టుకుని తలుపు మూసి పడుకోకండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

హైదరాబాద్ చుట్టుపక్కల బజార్లలో తిరిగేవాళ్లకు ఇంకో దృశ్యం తెలుసు. సాయంత్రం దుకాణాల్లో దీపాలు వెలిగే వేళ. పచ్చ తలపాగా ఫకీరు ఒకాయన వస్తాడు. ఒక చేతిలో గొలుసులకు వేలాడే పొగగిన్నె, ఇంకో చేతిలో నెమలీకల కట్ట. దుకాణం గడప దగ్గర నిలబడి గిన్నెను రెండుసార్లు లోపలికి ఊపుతాడు. నిప్పుల మీద చిటికెడు పొడి వేస్తాడు, బుస్సుమని తెల్లటి పొగ లేస్తుంది. గల్లాపెట్టె మీదుగా, బట్టల తానుల మీదుగా, వెంకటేశ్వరస్వామి పటం మీదుగా ఆ పొగ పోతుంది. సేఠ్ పది రూపాయలు ఇస్తాడు. ఫకీరు దాన్ని లోబాన్ అంటాడు. మనం సాంబ్రాణి అంటాం. పొగకు ఆ తేడా తెలియదు.

ఇక అత్తరు దుకాణానికి వెళ్దాం. 2023లో మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ రైలు వచ్చింది కాబట్టి, సికింద్రాబాద్ దాకా అందులో వెళ్లి, అక్కడ చార్మినార్ బస్సు ఎక్కవచ్చు. పత్తర్‌గట్టి కమాన్ల కింద అత్తరు సీసాలు గాజు అల్మారాల్లో వరుసగా ఉంటాయి. మీరు అంబరు అడగగానే దుకాణదారు సీసా తీయడు. ముందు, 'సర్దీ కే లియే?' అని అడుగుతాడు. చలికాలానికా అని. అవునంటే సీసా మూతకు ఉన్న గాజుపుల్లను మీ అరచేతి వెనకవైపు ఆనిస్తాడు. రుద్దనివ్వడు. ఆగమంటాడు. మొదట మందులవాసనలా ఘాటుగా అనిపిస్తుంది. చాలామంది అక్కడే మొహం తిప్పేస్తారు. ఛాయ్ తాగి రమ్మంటాడు. మీరు తిరిగొచ్చేసరికి ఆ ఘాటు తగ్గి, కింద దాక్కున్న తీపి బయటికి వస్తుంది. అప్పుడు బేరం. అత్తరు తులాల్లో అమ్ముతారు. అంత అక్కర్లేదు, అర తులం కొన్నా ఒక చలికాలం గడుస్తుంది. పాత అలవాటున్నవాళ్లు దూది ఉండకు అత్తరు అద్ది చెవి మడతలో పెట్టుకుంటారు. అక్కడ ఒంటి వేడి దానికి కొంచెం కొంచెంగా తగులుతుంది. ఆ పద్ధతిలో ఉన్న తెలివి ఇంతా అంతా కాదు.

అంబరు మరీ తియ్యగా అనిపిస్తే అక్కడే శమామా అడగండి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో రాగి డేగిషాల్లో వండుతారు. మూలికలు, వేళ్లు, మసాలా దినుసులు రోజుల తరబడి ఆవిరి పట్టించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దింపుతారు. అందులో ఏలకులు, లవంగాలు, జాజికాయ ఉంటాయి. రాతిపువ్వు కూడా ఉంటుంది. మన బిర్యానీలో వేసే రాతిపువ్వే. హైదరాబాద్ వాళ్లకు శమామా నచ్చకపోతే ఆశ్చర్యపోవాలి గానీ, నచ్చితే ఏముంది!

పారిస్ వాళ్ల కథ కూడా ఒక నిమిషం. 1874లో జర్మనీలో టీమాన్, హార్మాన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు పైన్ చెట్టు రసంలోని పదార్థం నుంచి వెనిలిన్ తయారుచేశారు. వెనిలా కాయలు కొనే పనిలేకుండా పోయింది. ఆ తర్వాతే తియ్యటి అంబరు సెంట్లు చవకగా తయారయ్యాయి. 1925లో జాక్ గెర్లాన్ అనే సెంట్ల కళాకారుడు పారిస్‌లో ఒక సెంటు తెచ్చాడు. దానికి షాజహాన్ నాటి తోట పేరు పెట్టాడు, షాలిమార్ అని. వందేళ్లు దాటినా ఆ సీసా ఇంకా అమ్ముడుపోతోంది. సాంబ్రాణి మన ఇళ్లలోది, పేరు మన తోటది, ధర మాత్రం పారిస్‌ది.

శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో పనిచేసేవాళ్లు చాలామంది ఈ మాటలు వింటూ ఉండవచ్చు. టీకాలు, మందులు తయారయ్యే శుభ్రమైన గదుల్లోకి మామూలుగా సెంటు రాసుకుని రానివ్వరు. పౌడరు కూడా వద్దంటారు. అంటే పగలంతా వాళ్ల ముక్కులకు ఉపవాసమే. షిఫ్టు దిగి, బస్సు దిగి, వేణ్నీళ్ల స్నానం చేశాక మాత్రమే ఒక చుక్క రాసుకునే వీలు. అంబరు సాయంత్రపు సెంటు అని లోకమంతా అంటుంది. ఇక్కడ మాత్రం కంపెనీ రూలే అలా ఉంది.

ఇక ఎలా రాసుకోవాలి? ఇది తేలిక. చలికాలంలో చర్మం పొడిబారి ఉంటుంది. పొడి చర్మం మీద సెంటు నిలవదు. ముందు కాస్త కొబ్బరినూనె గానీ వాజిలైన్ గానీ రాయండి. దాని మీద అత్తరు ఒక్క చుక్క. మణికట్టు, చెవి వెనక, మెడ కింద గుంట. ఒక్క చుక్కే. ముందు నూనె, తర్వాత అత్తరు, అదీ ఒక్క చుక్క. అంబరుకు గొంతు పెద్దది, మీరు అరిపించనక్కర్లేదు. ఉన్ని శాలువా చివరకు కొంచెం అంటితే రోజుల తరబడి ఉంటుంది. పట్టుచీరకు మాత్రం అంటనివ్వకండి, నూనె మరక పోదు. స్ప్రే సీసాలైతే వాటిలో స్పిరిటు ఉంటుంది, నిప్పుల దగ్గర, చలిమంట దగ్గర కొట్టుకోవద్దు.

రాసుకుని ఎక్కడికి వెళ్లాలంటారా? అది మీ ఇష్టం. శామీర్‌పేట చెరువు వైపు అయితే బొగ్గుల మీద మక్క కంకులు కాలుస్తుంటారు. నిమ్మకాయ, కారం రుద్దిన కంకి చేతిలో ఉండగా, మెడ దగ్గర అంబరు. రెండు పొగలూ ఒకదానికొకటి ఎంత బాగా కుదురుతాయో నేను చెప్పడం కంటే మీరే చూడాలి. ధనుర్మాసంలో పొద్దున్నే గుడికి వెళ్లేవాళ్లు మాత్రం సెంటు మానేయండి. అక్కడ సాంబ్రాణి, తులసి, వేడి పొంగలి ఉంటాయి. వాటి మీద మన చుక్క పెత్తనం ఎందుకు?

సంక్రాంతి దాటాక ఎండ ముదురుతుంది. శివరాత్రికి శివశివ అంటూ చలి పోతుందంటారు కదా, అప్పటికి అంబరు సీసా మూత బిగించేయండి. ఎండ తగలకుండా బీరువాలో, బట్టల మధ్య పెట్టండి. మంచి అత్తరు ఒక ఏడాదికి పాడవదు, ఇంకా మెత్తబడుతుంది. మళ్లీ కార్తీకంలో తీసినప్పుడు ముందు ఒక చుక్క చేతి వెనక రాసి, పావుగంట ఆగి చూడండి. అత్తరు దుకాణంలో చేసినట్టే.